గాయమైతే అమెరికా కాలేజీ క్రీడాకారుడికి అదనపు సీజన్ ఎలా వస్తుంది?

అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పై స్థాయి అయిన మొదటి డివిజన్‌లో చాలా ఏళ్లుగా నడిచిన లెక్క ఇది: ఐదేళ్ల గడువులో నాలుగు సీజన్లు ఆడొచ్చు. గాయమైనంత మాత్రాన సీజన్ తిరిగి రాదు. ఆ ఏడాదికి ఆట ముగించేంత దెబ్బ సీజన్ మొదటి సగంలోనే తగలాలి. అప్పటికి ఆడినవి మూడు మ్యాచ్‌లు లేదా సీజన్ మ్యాచ్‌లలో 30 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే దాన్ని మించకూడదు. వైద్యుల కాగితాలు తప్పనిసరి. పన్నెండు మ్యాచ్‌ల అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో మూడో మ్యాచ్‌లో మోకాలు దెబ్బతింటే ఆశ ఉంటుంది, ఏడో మ్యాచ్‌లో అయితే ఆ సీజన్ పోయినట్టే.

ఆరో ఏడాదికి వేరే దరఖాస్తు పెట్టాలి. తన చేతిలో లేని కారణాలతో రెండు సీజన్లు పోయాయని చూపాలి. 2016లో ఒరెగాన్ యూనివర్సిటీలో చేరిన ఫుట్‌బాల్ ఆటగాడు క్యామ్ మెకార్మిక్, వరుస గాయాల తర్వాత, 2024లో మయామీ యూనివర్సిటీ తరఫున తొమ్మిదో ఏడాది ఆడాడు. అన్నేళ్లలో మన దగ్గర ఎంబీబీఎస్, ఆపై పీజీ కూడా అయిపోతాయి!