మూత్రం తేటపడింది సరే, ఆ పక్కనొప్పి సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 54. ఎడమ కిడ్నీలో 12 మి.మీ. రాయి ఉంటే నాలుగు రోజుల కిందట షాక్‌వేవ్ చికిత్స (బయటి నుంచి తరంగాలతో రాయిని ముక్కలు చేయడం) చేశారు. రెండు రోజులు మూత్రం ఎర్రగా వచ్చి, ఇప్పుడు దాదాపు తేటపడింది. ఎడమ పక్కన నొప్పి మాత్రం పెరుగుతోంది. డైక్లోఫెనాక్ రోజుకు మూడు వేసుకుంటున్నాను. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. గుండెకు స్టెంట్ వేశారు. చికిత్సకు వారం ముందు ఆపమన్న ఆస్పిరిన్ ఆ రాత్రే మళ్లీ మొదలుపెట్టాను. పరగడుపున రమ్మన్నారని మానేసిన బీపీ మాత్ర ఇంకా వేసుకోవడం లేదు. రాయి ముక్కలు రెండే కనిపించాయి. నీళ్లు ఇంకా ఎక్కువ తాగాలా? రెండో సిట్టింగ్ ఎప్పుడు? - ఓ పాఠకుడు

జవాబు: నీళ్లు, సిట్టింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ రోజే మీకు చికిత్స చేసిన ఆసుపత్రికి వెళ్లండి. అది దూరమైతే స్కాన్, రక్త పరీక్షలు జరిగే ఏ ఆసుపత్రి అయినా ఫర్వాలేదు. బండి మీరు నడపొద్దు. కళ్లు తిరిగి పడిపోయినా, ఒళ్లు చల్లబడి చెమటలు పట్టినా అంబులెన్స్ పిలవండి.

మూత్రం తేటపడింది కాబట్టి రక్తస్రావం ఆగిపోయిందని మీరు అనుకుంటున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. ఈ చికిత్సలో ఒక్కో సిట్టింగ్‌కు రెండు, మూడు వేల తరంగాలు రాయి మీద పడతాయి. అవి కిడ్నీ కండలోంచే వెళ్లాలి కాబట్టి సన్నటి రక్తనాళాలు కొన్ని చిట్లుతాయి. కిడ్నీ లోపలికి కారిన రక్తం మూత్రంలో కనిపిస్తుంది. అది మామూలే, ఎక్కువమందికి ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. అదే రక్తం కిడ్నీ పైపొర కిందో, చుట్టూ ఉన్న కొవ్వులోనో చేరితే మూత్రంలోకి రాదు. దీన్ని హెమటోమా అంటాం. మూత్రం రంగు చూసి దీన్ని కనిపెట్టలేం. పెరుగుతున్న పక్కనొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ, ముఖం పాలిపోవడం లాంటివి చూసే అనుమానించాలి.

మీకు అదే జరిగిందని నేను అనడం లేదు. ఇబ్బంది పెట్టేంత హెమటోమా నూటికి ఒక్కరికి కూడా రాదు. రాయి ముక్కలు మూత్రనాళంలో వరసగా ఇరుక్కున్నా ఇలాంటి నొప్పే వస్తుంది. ముక్కలు జారడానికి టామ్సులోసిన్ ఇచ్చి ఉంటే దానికీ లేవగానే కళ్లు తిరగొచ్చు. మనిషిని చూడకుండా ఇందులో ఏదని తేల్చలేను. కానీ నాలుగో రోజుకు తగ్గాల్సిన నొప్పి పెరుగుతోంది, పైగా ఆస్పిరిన్, బీపీ రెండూ ఉన్నాయి. అందుకే స్కాన్ చేయకుండా ఊరుకోలేం. అల్ట్రాసౌండ్‌లో తేలకపోతే సీటీ తీస్తారు. హిమోగ్లోబిన్ చూసి, చికిత్సకు ముందున్న రిపోర్టుతో పోలుస్తారు. ఆ పాత రిపోర్టు ఉంటే పట్టుకెళ్లండి. ఒకవేళ హెమటోమా అని తేలినా భయపడకండి. చాలావరకు ఆపరేషన్ లేకుండానే, విశ్రాంతితో, బీపీ అదుపుతో అదే కరుగుతుంది. అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. రక్తనాళాన్ని మూసేయాల్సిన అవసరం చాలా అరుదు.

ఇక మాత్రల సంగతి. ఇక్కడే నాకు కాస్త కోపం వచ్చింది. డైక్లోఫెనాక్ చెడ్డ మందని కాదు, రాయి నొప్పికి మేమూ రాస్తాం. కానీ ఆస్పిరిన్ వేసుకుంటూ, లోపల రక్తం కారుతోందేమోనన్న అనుమానం ఉండగా, ఎవరినీ అడగకుండా రోజుకు మూడా? రెండూ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకునేవే. డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, కిడ్నీకీ భారమే. అన్నిటికీ మించి నొప్పిని కప్పేస్తుంది. అంత వేసుకున్నా నొప్పి పెరుగుతోందంటే అసలు నొప్పి ఎంతుందో ఆలోచించండి. స్కాన్ అయ్యేదాకా దాన్ని ఆపండి. లివర్ జబ్బు లేకపోతే అంతవరకు పారాసెటమాల్ సరిపెట్టుకోవచ్చు.

ఆస్పిరిన్ విషయం అంత తేలిక కాదు. స్టెంట్ ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా ఆపితే గుండెకు ముప్పు, సొంతంగా మొదలుపెడితే కిడ్నీకి ముప్పు. ఇక్కడ కూర్చుని ఆపమనీ చెప్పలేను, వేసుకోమనీ చెప్పలేను. తర్వాతి మాత్ర వేసుకునే లోపే మీ యూరాలజిస్టు, గుండె డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. మాట్లాడుకునేలా మీరే పట్టుబట్టండి.

బీపీ మాత్ర ఒక్క రోజు ఆపి ఉండొచ్చు, నాలుగు రోజులు ఆపమని ఎవరూ చెప్పి ఉండరు. బీపీ అదుపులో లేని వాళ్లలోనే ఈ రక్తస్రావం ఎక్కువ. అలాగని ఇంట్లోనే గబుక్కున వేసుకోకండి. కళ్లు తిరుగుతున్నాయి కాబట్టి, రక్తం పోయి బీపీ పడిపోయి ఉంటే ఆ మాత్ర ఇంకా దించుతుంది. ముందు కొలిపించుకోండి.

చలిజ్వరం వచ్చినా, రక్తపు గడ్డలు పడి మూత్రం ఆగిపోయినా అవీ ఎమర్జెన్సీలే. ఇలా మాకు రాసి జవాబు కోసం ఎదురుచూడాల్సినవి కావు.

మీరు అడిగిన రెండింటికీ జవాబు. నీళ్లు మామూలుగా తాగండి. గుండె డాక్టరు నీటికి పరిమితి పెట్టి ఉంటే అదే పాటించండి. నొప్పి పెరుగుతుంటే లీటర్ల కొద్దీ తాగడం వల్ల ఒరిగేది లేదు. రెండో సిట్టింగ్ స్కాన్ చూశాకే. హెమటోమా ఉంటే అది కరిగేదాకా ఆ కిడ్నీ జోలికి పోరు, దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టొచ్చు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి. "ఏదో నొప్పి మాత్ర" అని చెబితే అవతలి డాక్టరుకు ఏమీ తెలియదు.