సెల్ సందేహాలు: గట్టి పౌచ్ వేసినా ఫోన్‌కు గీతలెందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పౌచ్‌ల గురించే. అదీ మామూలువి కాదు, ట్రాక్టర్ టైరులా గళ్లు గళ్లుగా, మూలలు ఉబ్బి, చూడగానే బరువనిపించే రకం. బ్యాక్ కవర్ అని ఎంత చెప్పినా మనవాళ్లకు అది పౌచే. నేను 2004లో హైదరాబాద్ జగదీష్ మార్కెట్లో పని నేర్చుకునేటప్పుడు నోకియా 1100కి బెల్టుకు తగిలించుకునే తోలు సంచి అమ్మేవాళ్లం. అసలు పౌచ్ అంటే అదే. సంచి పోయింది, పేరు మాత్రం మిగిలింది. తర్వాత ఖమ్మం వచ్చి వైరా రోడ్డులో షాపు పెట్టాను. ఇన్నేళ్లలో విప్పిన ఫోన్లకు లెక్క లేదు కాబట్టి పౌచ్ లోపల ఏం జరుగుతుందో కాస్త తెలుసు.

*అన్నా, నేను ఖమ్మంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మిషన్ మీద పనిచేస్తాను. 18 వేలు పెట్టి కొన్న ఫోన్ నెల తిరగకుండానే స్లాబు మీద పడి డిస్‌ప్లే పోయింది. మార్చడానికి 4,500 అయింది. ఆ దెబ్బతో 900 పెట్టి, మిలిటరీ గ్రేడ్ అని రాసి ఉన్న పౌచ్ వేయించాను. తర్వాత నాలుగైదు సార్లు పడ్డా ఏమీ కాలేదు. కానీ ఆరు నెలలకు మొన్న పౌచ్ తీస్తే వెనక అద్దమంతా గీతలే. ఫోన్ మాట్లాడితే బావిలోంచి మాట్లాడుతున్నట్టుందని మా ఇంటావిడ గోల. నన్ను మోసం చేశారా?*
— ఒక పాఠకుడు, ఖమ్మం

మోసమేం కాదు తమ్ముడూ. నాలుగైదు సార్లు పడ్డా డిస్‌ప్లే నిలిచిందంటే నీ 900 ఎప్పుడో గిట్టుబాటయ్యాయి. గీతల సంగతికి వస్తాను. ముందు ఆ మిలిటరీ ముచ్చట చెప్పాలి, ఎందుకంటే ఆ మాట చూసి నువ్వే కాదు, చదువుకున్నవాళ్లు కూడా పడిపోతున్నారు.

అమెరికా రక్షణ శాఖ 1962లో తెచ్చిన పరీక్షల పుస్తకం ఒకటుంది. పేరు మిల్-ఎస్‌టీడీ-810. తమ సామాను ఎండకు, వానకు, కుదుపులకు తట్టుకుంటుందో లేదో చూసుకోవడానికి రాసుకున్నది. పౌచ్ డబ్బాల మీద ఎక్కువగా కనిపించేది దాని 2008 నాటి కూర్పు, 810జి. అందులో పడేసే పరీక్షకు ఎత్తు 48 అంగుళాలు, సుమారుగా మన ఛాతీ ఎత్తు. ఎనిమిది మూలలు, పన్నెండు అంచులు, ఆరు ముఖాలు, మొత్తం 26 సార్లు పడేస్తారు. వినడానికి గట్టిగానే ఉంది కదా. అయితే పడేది సిమెంటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్ మీద. పైగా ఆ 26 దెబ్బలూ ఒకే పీసు తినక్కర్లేదు, ఐదు పీసులకు పంచుకోవచ్చు. పాసైందని రక్షణ శాఖ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. కంపెనీయే పరీక్ష చేయించుకుని కంపెనీయే రాసుకుంటుంది. నిజంగా చేయించేవాళ్లూ ఉన్నారు, డబ్బా మీద అచ్చేసి ఊరుకునేవాళ్లూ ఉన్నారు. ఏదైనా నీ ఫోన్ పడేది ప్లైవుడ్ మీద కాదు, గ్రానైట్ మీద.

మీటరు ఎత్తు నుంచి జారిన ఫోన్ నేలను తాకేసరికి గంటకు 16 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ఆ వేగమంతా ఎంత దూరంలో ఆగుతుందన్నదే అసలు లెక్క. ఉత్త ఫోన్ మూల రాయికి తగిలితే మిల్లీమీటరు కూడా లోపలికి పోదు, దెబ్బంతా అద్దమే తింటుంది. మూల దగ్గర మెత్తటి టీపీయూ, అంటే రబ్బరులా సాగే ప్లాస్టిక్, మూడు మిల్లీమీటర్లు నొక్కుకుందనుకో, మిల్లీమీటరులో ఆగినదానితో పోలిస్తే దెబ్బ మూడో వంతుకు దిగుతుంది. గట్టి పౌచ్‌లో గట్టిదనం కంటే ఈ మెత్తదనమే ఎక్కువ పనిచేస్తుంది. అందుకే మంచివాటిలో బయట పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్, లోపల మెత్తటి టీపీయూ, మూలల్లో ఖాళీ గదులు పెడతారు. షాపులో పౌచ్ మూలను బొటనవేలితో నొక్కి చూడు. రాయిలా ఉంటే వద్దు.

ఇక అంచు. స్క్రీన్ చుట్టూ పౌచ్ కాస్త పైకి లేచి ఉండాలి. ఫోన్‌ను అద్దం బల్ల మీద బోర్లా పెట్టి, కింద పోస్టుకార్డు దూర్చితే స్క్రీన్‌కూ బల్లకూ మధ్య సులువుగా ఆడాలి. టెంపర్ గ్లాస్ వేశాక చూడాలి ఇది, ఎందుకంటే గ్లాస్ మందం ఆ ఎత్తులో కొంత తినేస్తుంది. చాలామంది గ్లాస్ వేయకముందు చూసి సంతోషపడతారు. అయితే నీకో విషయం చెప్పాలి. ఈ అంచు కాపాడేది చదునైన నేల మీదే. మీ ఫ్యాక్టరీలో కింద చిప్స్, అదే రాతి ముక్కలు, పడి ఉంటాయి. ఫోన్ బోర్లా పడినప్పుడు శనగగింజంత చిప్ స్క్రీన్ నడిమధ్యకు వచ్చిందంటే చుట్టూ ఎంత అంచు ఉన్నా లాభం లేదు. టెంపర్ గ్లాస్ ఉంటే ఆ దెబ్బలో కొంత అదే తిని పగులుతుంది. దాని ఖర్చు 100, 150. పగిలిందని బాధపడకు, దాని ఉద్యోగమే అది.

ఇప్పుడు గీతలు. అద్దాన్ని తాళం చెవితో గీకితే సాధారణంగా గీత పడదు, ఇసుక రేణువుతో పడుతుంది. గట్టిదనాన్ని కొలిచే మోస్ లెక్కలో ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7, మామూలు ఉక్కు అంతకంటే కింద. మీ రంగు గ్రానైట్ పొడిలోనూ క్వార్ట్జ్ ఉంటుంది. పాలిషింగ్ రాళ్లలో వాడే సిలికాన్ కార్బైడ్ 9 దాటుతుంది. నీ పౌచ్ బిగుతుగా ఉంది కాబట్టి దుమ్ము రాదనుకున్నావు. దుమ్ము వస్తుంది, కాకపోతే వచ్చింది బయటికి పోదు. ఛార్జింగ్ రంధ్రం దగ్గర, బటన్ల పక్కన, కెమెరా చుట్టూ సందులుంటాయి. రాతి పొడి నీళ్లతో కలిసిన బురద, అదే స్లర్రీ, లోపలికి పాకి ఎండి పొడవుతుంది. జేబులో పెట్టినప్పుడల్లా, తీసినప్పుడల్లా పౌచ్ వెంట్రుకవాసి కదులుతుంది. ఆరు నెలలు నీ ఫోన్ వెనక ఇసుక కాగితం కట్టుకుని తిరిగావన్నమాట.

గొంతు సంగతీ అదే అయి ఉండొచ్చు. పౌచ్ తీసేసి వాయిస్ రికార్డర్‌లో పది సెకన్లు మాట్లాడు, మళ్లీ పౌచ్ వేసి మాట్లాడు. తీసినప్పుడు బాగుంటే పౌచ్ రంధ్రంలో స్లర్రీ గట్టిపడింది, లేదా ఆ రంధ్రం మైకుకు సరిగ్గా ఎదురుగా లేదు. రెండుసార్లూ బావిలోంచే వస్తే మైకు జాలీ మూసుకుపోయింది. చాలా ఫోన్లకు పైన ఇంకో చిన్న మైకు ఉంటుంది, బయటి రొద తగ్గించడానికి. పౌచ్ దాన్ని మూసినా అవతలివాళ్లకు మాట తేడాగా వినిపిస్తుంది. దయచేసి పిన్నీసు పెట్టి పొడవకు. షాపు పెట్టిన కొత్తలో ఒకాయన ఫోన్‌కు నేనే ఆ ఘనకార్యం చేశాను. దుమ్ము రాలేదు, మైకు చిల్లి పడింది. కొత్త మైకు నా జేబులోంచే వేసిచ్చాను. మెత్తటి పాత టూత్‌బ్రష్ పొడిగా చాలు, దానికీ పోకపోతే షాపుకు తీసుకెళ్లు.

ఆదివారం ఆదివారం పౌచ్ తీయి. ముందు ఫోన్ మీది పొడిని బ్రష్‌తో దులుపు. దులపకుండా గుడ్డ పెట్టి రుద్దితే కొత్త గీతలు నువ్వే గీసుకున్నట్టు. పౌచ్‌ను సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే వెయ్యి. తడి మీద వేస్తే, అందులోనూ ఛార్జింగ్ దగ్గర రబ్బరు మూత ఉన్న పౌచ్‌కు, లోపల చెమ్మ నిలిచి పిన్ చిలుము పడుతుంది. మీ ఫ్యాక్టరీల నుంచి నా దగ్గరికి వచ్చేవాటిలో డిస్‌ప్లే తర్వాత ఎక్కువగా చూసేది ఈ చిలుమే. డ్యూటీలో ఫోన్ ప్యాంటు వెనక జేబులో కాకుండా టిఫిన్ బ్యాగులో పెట్టుకోగలిగితే సగం గొడవ ఉండదు. కానీ సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే ఎత్తాలిగా, తెలుసు.

*అన్నయ్యా, నేను ఆశా కార్యకర్తను. రోజంతా ఇల్లిల్లూ తిరిగి ఫోన్‌లోనే వివరాలు ఎక్కించాలి. ఫోన్ పడుతోందని మా ఆయన పెద్ద గట్టి పౌచ్ తెచ్చారు. ఇప్పుడు పడ్డా పగలదు కానీ సాయంత్రానికి మణికట్టు లాగేస్తోంది. పైగా ఇంతకుముందు కంటే ఎక్కువసార్లు జారుతోంది. తీసేయమంటే ఆయన ఒప్పుకోరు.*
— ఒక సోదరి, ఇల్లెందు

అమ్మా, మీ ఉత్తరం చదివి అలాంటి పౌచ్ ఒకటి మా షాపు కాటా మీద పెట్టాను. ఫోన్ 192 గ్రాములు, పౌచ్ 74. రోజంతా ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో టైపు చేసేవాళ్లకు ఆ 74 గ్రాములు తక్కువ కాదు. ఎక్కువగా జారడమూ నిజమే. ఫోన్ వెడల్పు పెరిగింది, మీ బొటనవేలు అవతలి అంచుకు అందడం లేదు, అందుకోవడానికి చెయ్యి మార్చేటప్పుడే జారుతుంది. ఈ పౌచ్‌లు చేసేవాళ్లు ప్యాంటు జేబును, పెద్ద చేతిని మనసులో పెట్టుకుని చేస్తారని నా అనుమానం. చీర కట్టుకునేవాళ్లకు జేబెక్కడిది?

మీకు కావాల్సింది పడినప్పుడు కాపాడేది కాదు, పడకుండా చూసేది. పక్కలు గరుగ్గా ఉన్న పల్చటి టీపీయూ పౌచ్, మూలలు మాత్రం కాస్త ఉబ్బినది తీసుకోండి. 150, 200లో దొరుకుతుంది. దాంతో పాటు మెడకు వేసుకునే తాడు. తాడు కొక్కెం ఛార్జింగ్ రంధ్రంలోంచి కాకుండా పౌచ్ మూలకు తగిలించేదై ఉండాలి. బండి మీద వెళ్లేటప్పుడు మాత్రం తాడు మెడలో ఉంచుకోవద్దు. మీ ఆయనకు ఈ కాటా లెక్క చూపించండి. ఒప్పుకోకపోతే ఆ ఫోన్‌తో ఒక రోజు సర్వే చేయించండి.

*హైదరాబాద్‌లో బైక్ ట్యాక్సీ నడుపుతాను. హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, ఛార్జింగ్ పెట్టి మ్యాప్ చూస్తాను. వానకు, దెబ్బకు పనికొస్తుందని గట్టి పౌచ్ వేశాను. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నాలు ఫోన్ కాలిపోయి స్క్రీన్ మసకబారుతోంది, ఛార్జింగ్ ఆగిపోతోంది. పౌచ్ వల్లేనా?*

కొంత పౌచ్, చాలావరకు ఎండ. ఐఫోన్‌కైతే చుట్టూ ఉండే వేడి 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడే వాడమని కంపెనీయే రాసింది. మిగతావీ కాస్త అటూ ఇటూగా అంతే. మన మే నెలలో నీడలోనే 40 దాటుతుంది. దానికి స్క్రీన్ పూర్తి వెలుగు, జీపీఎస్, ఛార్జింగ్, నడినెత్తిన ఎండ. లోపలి వేడి వెనక అద్దంలోంచే బయటికి పోవాలి, ఆ దారికి నువ్వు రెండు పొరల దుప్పటి కప్పావు. స్క్రీన్ మసకబారడం, ఛార్జింగ్ ఆగడం రిపేరు కాదు, ఫోన్ తన్ను తాను కాపాడుకోవడం. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా పౌచ్ తీసెయ్, నాలుగు వైపులా పట్టుకునే హోల్డర్ వాడు, ఛార్జింగ్ కిరాయికీ కిరాయికీ మధ్య నీడలో పెట్టుకో. వానాకాలంలో మళ్లీ వేసుకో. ఇంకో మాట. మోటారుసైకిల్ కంపనాలకు ఫోన్ కెమెరాలో వణుకు ఆపే యంత్రాంగం దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. గట్టి పౌచ్ దానికేమీ చేయలేదు. కంపనం తగ్గించే హోల్డర్లు విడిగా దొరుకుతాయి.

*పారదర్శక పౌచ్ పసుపు రంగుకు తిరిగింది. ఏం పెట్టి కడిగితే తెల్లబడుతుంది?*

ఏదీ పెట్టకండి. అది మురికి కాదు, ఎండకూ వేడికీ ఆ ప్లాస్టిక్కే మారిపోయింది.

*గట్టి పౌచ్ వేసినప్పటి నుంచి రాత్రి ఫొటోలు పొగమంచులో తీసినట్టు వస్తున్నాయి.*

ఫ్లాష్ వెలుగు కెమెరా చుట్టూ ఉన్న పౌచ్ అంచుకు తగిలి లెన్సులోకి వస్తోంది. పౌచ్ తీసి ఒకటి తీసి చూడండి, తెలిసిపోతుంది. కెమెరా రంధ్రం వెడల్పుగా, లోపలి అంచు నల్లగా ఉన్నది మార్చుకోండి.

*రెండేళ్లుగా ఒకటే గట్టి పౌచ్ వాడుతున్నాను. ఈ మధ్య అది కుంచించుకుపోయినట్టుంది, తీసి మళ్లీ వేయాలంటే బలంగా నొక్కాల్సి వస్తోంది. స్క్రీన్ ఒక పక్క కొంచెం లేచినట్టు కూడా అనిపిస్తోంది. పౌచ్‌ను వేడినీళ్లలో వేస్తే సాగుతుందా?*
— ఒక రిటైర్డ్ మాస్టారు, మధిర

మాస్టారి ఉత్తరానికి జవాబు పత్రికలో రాసేదాకా ఆగలేదు. చదివిన రోజే అందులోని నంబరుకు ఫోన్ చేశాను. కుంచించుకుపోయింది పౌచ్ కాదు, ఉబ్బింది బ్యాటరీ. మామూలు పల్చటి కవరైతే వెనక మూత లేవగానే కనబడేది. గట్టి పౌచ్ దాన్ని నెలల తరబడి అదిమి దాచింది. ఎవరికైనా ఇలా అనిపిస్తే పౌచ్‌ను మళ్లీ నొక్కి వేయకండి, ఛార్జింగ్ పెట్టకండి, ఉబ్బును వేలితో అదమకండి, సూదితో అసలే పొడవకండి, బ్యాటరీ అంటుకోవచ్చు. స్విచ్ ఆఫ్ చేసి, మంటకూ ఎండకూ దూరంగా ఉంచి, దగ్గరి రిపేరు షాపుకు తీసుకెళ్లండి.

మాస్టారు ఆ మర్నాడే బస్సెక్కి వచ్చారు. విప్పితే బ్యాటరీ పూరీలా పొంగి ఉంది, డిస్‌ప్లే ఒక పక్క జిగురు వదిలింది కానీ పగల్లేదు. పాత బ్యాటరీని చెత్తబుట్టలో కాకుండా ఈ-వేస్ట్ వాళ్లకిచ్చే డబ్బాలో వేశాను. కొత్తది వేసి, డిస్‌ప్లే అతికించి, ఆయన తెచ్చిన పౌచ్‌నే మళ్లీ తొడిగితే ఒక్క వేలితో పట్టేసింది. వేడినీళ్లలో వెయ్యనందుకు మంచిదైందని నవ్వుతూ సాయంత్రం బండికి వెళ్లిపోయారు.