ఎండ కావాలంటే కొండకి పడమటి పక్కన దిగండి

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. డిసెంబర్ సెలవులకి హవాయి బిగ్ ఐలాండ్ అనుకున్నారు, బాగుంది. కానీ హిలోలో హోటల్ చవగ్గా వస్తోంది, అయిదు రాత్రులూ అక్కడే బుక్ చేసేస్తానన్నావు చూడు, ఆ ఒక్క మాటకే ఇంత ఉత్తరం రాస్తున్నా. ఆగు, చెయ్యకు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మేం చేసింది అదే. నాలుగు రోజులు కిటికీ దగ్గర కూర్చుని వాన చూశాం. "ఈ మాత్రానికి కాకినాడ వెళ్ళి తుఫాను చూస్తే సరిపోయేది కదే, టికెట్ డబ్బులన్నా మిగిలేవి" అని మీ పెదనాన్న ఇప్పటికీ దెప్పుతుంటారు. తర్వాత తెలిసింది సంగతి. అక్కడ గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. నడిమధ్య మౌనా కేయా, మౌనా లోవా, రెండూ నాలుగు వేల మీటర్లు దాటిన అగ్నిపర్వతాలు. సముద్రం మీంచి వచ్చిన తడంతా తూర్పు వాలు మీద, అంటే హిలో నెత్తిన కురిసిపోతుంది, పడమటి పక్కన కోనాకి ఎండ మిగులుతుంది. మంగుళూరు తడిసి ముద్దవుతుంటే అనంతపురం ఎండిపోయినట్టే.

అందుకని మూడు రాత్రులు కోనా వైపు, రెండు రాత్రులు అగ్నిపర్వతాల పార్కు పక్కనున్న వాల్కనో అనే ఊళ్ళో ఉండండి. కోనా నుంచి పార్కుకి పోయి రావడమంటే ఒక్కో వైపూ రెండు గంటల పైనే, ముసలివాళ్ళతో చీకట్లో ఆ డ్రైవింగ్ మీకొద్దు. కోనాలో వంటగది ఉన్న కాండో తీసుకో, కందిపొడి, చారుపొడి నీతో పట్టుకెళ్ళు. అన్నానికి ఇబ్బంది లేదు. చేమదుంపలు కూడా అక్కడివాళ్ళకి ప్రాణం, ఉడికించి మెత్తగా దంచి "పోయి" అనే ముద్ద చేసుకుని తింటారు. నాకైతే పులుసు పెడితేనే దానికి న్యాయం చేసినట్టు అనిపించింది.

లావా ఏ రోజు కనిపిస్తుంది అని అడిగావు. అది మన చేతుల్లో లేదు తల్లీ. ఆ పార్కులోని కిలవేయా అగ్నిపర్వతంలో 2024 డిసెంబర్‌లో మొదలైన విస్ఫోటనం తీరు చూడు, ఫౌంటెన్‌లా ఎగజిమ్మి చాలాసార్లు కొన్ని గంటల్లోనే ఆగిపోయింది, మళ్ళీ రోజులో వారాలో గ్యాప్. యూఎస్‌జీఎస్ అని అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఉంది, వాళ్ళు వెబ్‌సైట్‌లో రోజూ అప్‌డేట్ పెడతారు, అది చూసుకుంటూ ఉండు, మీరున్నప్పుడు వస్తే అర్ధరాత్రయినా లేచి వెళ్ళండి. రాకపోతే మొహాలు వేలాడేసుకోకండి, గడ్డకట్టిన లావా మీద నడిచినా ఒళ్ళు జలదరిస్తుంది. చెప్పులు వద్దు, బూట్లే. గరుకు లావాని అక్కడ "ఆఆ" అంటారు, దాని మీద పడ్డావంటే నువ్వూ అదే అంటావు.

పార్కు టికెట్ మేం వెళ్ళినప్పుడు కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లింది. లోపల పెట్రోల్ బంకు లేదు, ముందే నింపుకోండి. అక్కడ 1,200 మీటర్ల ఎత్తు, సాయంత్రానికి వణుకు పుడుతుంది, మీ మామగారికి స్వెటర్ తప్పనిసరి.

మీ అత్తగారి ఉబ్బసం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. కిలవేయా నుంచి వచ్చే గంధకపు పొగ, వాళ్ళు వాగ్ అంటారు, ఆ గాలులకే చుట్టూ తిరిగి కోనా వైపు చేరుతుంది. ఎండ ఉన్న పక్కనే ఈ తలనొప్పీ ఉంది. ముందే డాక్టర్‌ని అడగండి, ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి. మౌనా కేయా శిఖరం కూడా మీకొద్దు. బుజ్జిగాడు చిన్నవాడు, పైన గాలి పల్చన. 2,800 మీటర్ల దగ్గర విజిటర్ సెంటర్ ఉంది, అక్కడ ఆగి నక్షత్రాలు చూసినా చాలు, అదీ అత్తగారికి డాక్టర్ సరేనంటేనే.

సన్‌స్క్రీన్ మినరల్‌ది కొను, పగడపు దిబ్బల్ని పాడుచేస్తాయని కొన్ని రకాల అమ్మకం 2021 నుంచి అక్కడ నిషేధం. హాపూనా బీచ్‌లో తెల్ల ఇసుక, చాలా బాగుంటుంది, కానీ చలికాలం అలలు ఒడ్డునే విరిచి కొడతాయి, బుజ్జిగాడి చెయ్యి వదలకు. డిసెంబర్‌కి తిమింగలాలు కూడా వస్తాయి, ఒడ్డు నుంచే కనపడొచ్చు. పునలూఉ బీచ్‌లో నల్ల ఇసుక మీద తాబేళ్ళు పడుకుని ఉంటాయి, పది అడుగుల దూరం నుంచే ఫోటోలు. ఆ ఇసుక గుప్పెడు కూడా తేవద్దు, నిషేధం. రాళ్ళు పట్టుకెళ్ళి, అక్కడి అగ్నిపర్వతాల దేవత పెలె అమ్మవారికి కోపమొచ్చిందని భయపడి పోస్టులో తిప్పి పంపేవాళ్ళు ఎందరో. మీ పెదనాన్న జేబు నేనే దులిపించాను.

హిలో బుకింగ్‌కి క్యాన్సిల్ గడువు ఎప్పటిదాకా ఉందో ఇప్పుడే చూసి ఫోన్ చెయ్యి. చారుపొడి శనివారం కొట్టి పంపిస్తా.

మీ పెద్దమ్మ