ఒక్కరోజు తప్పితే సున్నా చూపే యాప్ వద్దు, వారం లెక్క చూడండి

ఫోన్లు, చేతి వాచీల్లోని యాప్‌లు మంచి అలవాట్లను ఏళ్ల తరబడి నిలబెట్టగలవా అని చాలామంది అడుగుతుంటారు. నిలబెట్టగలవు. అయితే ఒక్కరోజు తప్పినందుకు అంతవరకు చేసినదంతా సున్నాగా చూపే యాప్ మాత్రం అలవాటును చంపుతుందని నా దృఢమైన అభిప్రాయం.

మాది విజయనగరం. మధుమేహం ఉందని తేలాక మా నాన్నగారు తెల్లవారుజామున అయోధ్య మైదానంలో నడవడం మొదలుపెట్టారు. మనవలు ఆయన ఫోన్‌లో వేసి ఇచ్చిన యాప్, వరుసగా ఎన్ని రోజులు నడిచారో పెద్ద అంకెతో చూపేది. దాన్ని తోటివారికి చూపించి ఆయన ఎంతో మురిసిపోయేవారు. ఇంతలో పైడితల్లమ్మ పండగ వచ్చింది. సోమవారం తొలేళ్ల ఉత్సవం, మంగళవారం సిరిమాను ఊరేగింపు, ఊరంతా జనం, ఇంటినిండా చుట్టాలు. వచ్చినవాళ్లను వదిలేసి ఇంటి పెద్ద నడకకు వెళ్లడం మా వైపు మర్యాద కాదు. పండగయ్యాక చూస్తే ఆ అంకె సున్నా అయి ఉంది. "ఇన్నాళ్ల నడకా గంగలో కలిసిపోయిందిరా" అని ఆయన బూట్లు అటకెక్కించారు. ఆ చలికాలమంతా మైదానం వైపు వెళ్లనే లేదు.

యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన ఫిలిప్పా లాలీ బృందం 2009లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఒక పని అలవాటుగా మారడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చు. మధ్యలో ఒకసారి తప్పినా ఆ క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. యాప్‌లు తయారుచేసేవారికి ఇది తెలియదనుకోను. మన చేత రోజూ ఫోన్ తెరిపించడమే వారికి ముఖ్యం.

ఆ తర్వాత నాన్నగారి ఫోన్‌లో, వారం మొత్తానికి కలిపి నిమిషాల లెక్క చూపే యాప్ పెట్టాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనే చెబుతుంది. రోజుకు 10,000 అడుగులన్న లక్ష్యమైతే 1960లలో జపాన్‌లో అమ్మిన అడుగుల లెక్క పరికరంతో ప్రచారంలోకి వచ్చిందే తప్ప, వైద్యులు తేల్చినది కాదు. ఇప్పుడు పెళ్లి వచ్చినా, తుపాను వాన పట్టుకున్నా, నాన్నగారు మిగిలిన రోజుల్లో ఆ లోటు సర్దుకుంటున్నారు.

మేము చూసిన, తిండి లెక్క రాసే యాప్‌లతో మాత్రం ఇంకా తిప్పలే. ఓట్స్‌లో పది రకాలు చూపిస్తాయి గానీ, మేము పొద్దున్నే తాగే చోడి (రాగి) అంబలి వెతికితే కనబడదు. తెలుగు తప్ప మరొకటి చదవని పెద్దవాళ్లు అందులో ఏం రాసుకోగలరు?

మీ ఇంట్లో ఎవరికైనా యాప్ వేసి ఇచ్చేటప్పుడు, ముందుగా సెట్టింగ్స్‌లో వరుస రోజుల లెక్కను ఆపి, లక్ష్యాన్ని వారానికి మార్చండి. ఆ వీలు లేకపోతే దాన్ని తీసేసి వేరేది చూడండి.