డెన్వర్ యూదుల టీబీ శానటోరియంలో నిజంగా ఒక్క డాలరు కూడా తీసుకోలేదా? ఎలా నడిపారు?

నిజంగానే తీసుకోలేదు. కాకపోతే మీరు ఒక ఆసుపత్రి గురించి అడిగారు, అక్కడ ఉన్నవి రెండు, రెండూ యూదులవే, రెండూ కోల్‌ఫాక్స్ అవెన్యూ మీదే, ఒకటి తూర్పున ఒకటి పడమర. నేను అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ పక్కన అరోరాలో ఉంటా, నాకు చదువుకునే రోజుల్లో టీబీ వచ్చి తగ్గింది, అందుకే ఈ రెండిటి గురించి దొరికిందల్లా చదివాను. మొదటిదాన్నే అందరూ పొగుడుతారు. నన్నడిగితే రెండోదే గొప్పది.

మొదటిది నేషనల్ జ్యూయిష్. ఫ్రాన్సెస్ జేకబ్స్ అనే ఆవిడ డెన్వర్ వీధుల్లో రక్తం కక్కుకుని పడిపోయే వాళ్ళని చూడలేక ఊరందర్నీ అడిగి అడిగి ఆసుపత్రి కట్టించడం మొదలుపెట్టింది, 1892లో పోయింది, పూర్తయ్యాక చూడలేదు పాపం. 1893లో వెండి ధర పడిపోయి కొలరాడో మొత్తం దివాలా తీస్తే ఆ కొత్త బిల్డింగ్ ఆరేళ్ళు తాళం వేసి ఉంది. తర్వాత బ్నై బ్రిత్ అనే యూదుల సంఘం డబ్బు బాధ్యత తీసుకుంటే 1899 డిసెంబర్ 10న తలుపులు తెరిచారు. డబ్బు ఇవ్వగలిగినవాళ్ళకి లోపల చోటు లేదు, లోపలికి వచ్చినవాళ్ళు డబ్బు కట్టక్కర్లేదు, ఇదీ వాళ్ళ రూలు. మొట్టమొదటి పేషెంటు స్వీడన్ మూలాలున్న అమ్మాయి, యూదురాలు కూడా కాదు. ఇంతవరకూ దణ్ణం పెట్టాల్సిందే.

కానీ వాళ్ళు మొదట్లో జబ్బు ముదరని వాళ్ళనే తీసుకునేవాళ్ళు, అదీ ఆరు నెలలకే, బాగయ్యాక తన కాళ్ళ మీద తను నిలబడగలడని నమ్మకం ఉంటేనే. మరి ముదిరినవాడు ఎక్కడికి పోవాలి? న్యూయార్క్‌లో గాలి ఆడని గదుల్లో బట్టలు కుట్టీ కుట్టీ ఊపిరితిత్తులు పాడైపోయినవాడు, ఎవరో కొలరాడో గాలికి తగ్గుతుందంటే రైలెక్కి వచ్చాడు, ఇక్కడ దిగేసరికి లేవలేని స్థితి. పైగా వచ్చేది రష్యా, పోలండ్ నుంచి వలస వచ్చిన పేదలు, ఆసుపత్రి నడిపేది ముందే వచ్చి స్థిరపడ్డ జర్మన్ యూదులు, అక్కడ వంట కోషర్ కాదు, అంటే వాళ్ళ మతాచారం ప్రకారం వండింది కాదు. చావు దగ్గరికొచ్చిన మనిషిని నీ ఆచారం గేటు బయట వదిలి రమ్మంటే ఎలా?

అక్కడ పుట్టింది రెండోది, జ్యూయిష్ కన్సంప్టివ్స్ రిలీఫ్ సొసైటీ, అందరూ జేసీఆర్ఎస్ అంటారు. పెట్టినవాళ్ళు షావుకార్లు కాదు, చేతిపనుల వాళ్ళు, వాళ్ళలోనే చాలామందికి టీబీ. వాళ్ళకి డాక్టర్ చార్లెస్ స్పివాక్ తోడయ్యాడు. ఆయన రష్యా నుంచి 1882లో ఏమీ లేకుండా వచ్చి, ఫ్యాక్టరీల్లో పనిచేసి, తర్వాత ఫిలడెల్ఫియాలో డాక్టరీ చదివాడు, భార్య ఆరోగ్యం కోసమే డెన్వర్ వచ్చాడు. 1904లో ఊరి బయట గుడారాల్లో మొదలుపెట్టారు, కింద చెక్క నేల, పైన కాన్వాస్, చలికాలం కూడా అందులోనే. ఏ స్టేజిలో ఉన్నా రానిచ్చారు. కోషర్ వంట. బతకనివాళ్ళని గోల్డెన్ హిల్ శ్మశానంలో వాళ్ళ పద్ధతిలోనే సాగనంపారు.

డబ్బెలా అంటారా, దేశమంతా పేదవాళ్ళ దగ్గర చిల్లర పోగేశారు. కార్మిక సంఘాలు, ఆడవాళ్ళ సహాయక సంఘాలు, సొంత పత్రిక. యెహోయాష్ అని యిడ్డిష్‌లో (తూర్పు యూరప్ యూదుల భాష) పెద్ద కవి, టీబీ వచ్చి డెన్వర్ చేరినవాడే, ఊరూరా తిరిగి వీళ్ళ కోసం చందాలు వసూలు చేశాడు. ఆ స్పివాకూ ఈయనా కలిసి 1911లో ఒక నిఘంటువు కూడా వేశారు, అంత పనిలో ఎప్పుడు తీరిక దొరికిందో. సొంత పాల డెయిరీ, కోళ్ళు, పొలం పెట్టుకుని వంద ఎకరాలు దాటించారు.

ఇదంతా నాకెందుకింత పట్టిందో చెప్తాను. మాది కదిరి వైపు. నాకు టీబీ అని తేలగానే హాస్టల్ వాళ్ళు నా పరుపు తీసి వరండాలో పడేశారు, ఇంటికి వచ్చేశాను. బంధువులకి నిమ్ము చేసిందని చెప్పారు. మా అత్తయ్య నా కంచం కలిసిపోకుండా దాని అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టింది, గ్లాసుకీ పెట్టింది. టీబీ దగ్గితే గాలిలో వస్తుంది తల్లీ, కంచంలో రాదు అని డాక్టరు చెప్పినా వినలేదు. మాత్రలు వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తే (ఆ మందుకి అలాగే వస్తుంది, భయం లేదు) బాత్రూం కూడా నాకు వేరే చేశారు. అప్పుడు మా అవ్వ వచ్చింది. ఏమీ మాట్లాడలేదు, నా పక్కన కూచుని, ఆ చుక్క పెట్టిన కంచంలోంచే ఒక ముద్ద సంగటి తీసి పప్పులో అద్దుకుని తినేసింది. అత్తయ్య అలా చూస్తూ ఉండిపోయింది. "మా అన్నను మదనపల్లె పంపితే ఆ దొర డాక్టరు పక్కనే కూచునేవాడంట, నీకేం వచ్చిందే?" అంది.

మదనపల్లె అంటే ఆరోగ్యవరం శానటోరియం, 1915లో తెరిచారు, డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోడ్ మోలర్ నడిపాడు. అదీ ఎత్తు మీద, పొడి గాలి అని ఎంచుకున్న చోటే. ఆ రోజుల్లో అందరి నమ్మకం గాలి మీదే.

కానీ గాలి మందు కాదు, ఇది తేల్చింది మన పక్క ఊరే. 1956 నుంచి మద్రాసులో సగం మంది పేషెంట్లని శానటోరియంలో పెట్టి, సగం మందికి వాళ్ళ ఇరుకు ఇళ్ళల్లోనే అవే మందులిచ్చి చూశారు. శానటోరియంలో వాళ్ళకి మంచి తిండి, విశ్రాంతి, నర్సులు, అయినా ఏడాది తర్వాత ఇద్దరూ దాదాపు ఒకేలా బాగయ్యారు, ఇంట్లో వాళ్ళకి అదనంగా అంటుకోనూ లేదు. మందులు వచ్చాక కొన్ని చోట్ల శానటోరియాలు అప్పటికే మూతపడుతున్నాయి, 1959లో ఆ ఫలితం వచ్చాక ఇక వాటి అవసరం లేదని ప్రపంచానికి తేలిపోయింది. ఇంత పెద్ద సంగతి మన స్కూలు పుస్తకాల్లో ఎందుకుండదో నాకు అర్థం కాదు, కోఖ్ 1882లో క్రిమిని కనుక్కున్నాడని మాత్రం బట్టీ పట్టిస్తారు.

మరి గాలి కాకపోతే జేసీఆర్ఎస్ ఏం చేసినట్టు? మందే లేని కాలంలో, ఇల్లూ ఊరూ వెళ్ళగొట్టిన మనిషికి మంచం, పాలు, గుడ్లు, తన భాషలో మాట్లాడే పక్క మంచం వాడు, ఇవి ఇచ్చింది. కోలుకున్నవాళ్ళు సగం దీనివల్లే కోలుకున్నారని నా గట్టి నమ్మకం, డాక్టర్లు ఒప్పుకోకపోతే ఒప్పుకోకపోనీ. ఇప్పుడు మన దగ్గర మందులు ఉచితం, తిండికి నెలకి 500 ఇచ్చేవాళ్ళు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు, మంచిదే. ఆ కంచం కింద చుక్క తుడిచే స్కీము మాత్రం రాలేదు.

నేషనల్ జ్యూయిష్ ఇప్పటికీ నడుస్తోంది, ఊపిరితిత్తుల జబ్బులకి పేరున్న ఆసుపత్రి. జేసీఆర్ఎస్ 1954లో క్యాన్సర్ సంస్థగా మారింది, భూమిలో కొంత షాపింగ్ సెంటర్ అయింది. ఇక్కడి మనవాళ్ళు పిల్లల్ని కాసా బొనీటా అనే రెస్టారెంట్‌కి తీసుకెళ్తారు కదా, అది ఆ సెంటర్‌లోనే. ఈసారి వెళ్తే పక్కనే ఉన్న పాత క్యాంపస్ కూడా చూడండి, 1926లో రోగుల కోసం కట్టిన ప్రార్థనా మందిరం ఇంకా ఉంది.