స్పీకర్లు మళ్లీ మార్చాలా? ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: నమస్కారం అండీ. నా వయసు 43. ప్రైవేటు ఉద్యోగం, కూకట్‌పల్లిలో సొంత ఫ్లాటు. నెలకు చేతికి 1,32,000 వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 41,000. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. ఖర్చులన్నీ పోను 22,000 మిగలాలి, కానీ మిగలదు. కారణం నా పాటల పిచ్చి. ఆరేళ్లలో మూడు ఆంప్లిఫయర్లు, మూడు జతల స్పీకర్లు, రికార్డులు వినే టర్న్‌టేబుల్ ఒకటి, రెండు డీఏసీలు (డిజిటల్ పాటను ఆంప్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టెలు), లెక్కలేనన్ని కేబుళ్లు కొన్నాను. మొత్తం 11,80,000 అయింది. తేదీలతో జాబితా, మా హాలు వివరాలు విడిగా రాసి పంపుతున్నాను. వాటిలో కొన్ని అమ్మితే 4,90,000 వచ్చింది. ఇంట్లో ఉన్నవన్నీ ఇప్పుడు అమ్మితే ఇంకో 2,20,000 రావచ్చు. ఒక ఆంప్, ఒక జత స్పీకర్లు అటక మీదే ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 86,000 బాకీ ఉంది, మినిమమ్ మాత్రమే కడుతున్నాను. బ్యాంకులో 70,000 ఉంది. ఇప్పుడు 3,40,000 పెట్టి ఫ్లోర్‌స్టాండింగ్ (నేల మీద నిలబెట్టే పొడవాటి) స్పీకర్లు తీసుకుందామని షాపులో 10,000 అడ్వాన్స్ ఇచ్చాను. కార్డు మీద 24 నెలల ఈఎంఐ, 15 శాతం వడ్డీ. మా ఆవిడకు వీటి అసలు ధరలు తెలియవు. కొత్తది వచ్చాక రెండు వారాలు స్వర్గంలా ఉంటుంది. తర్వాత ఏదో ఒక లోపమే వినిపిస్తుంది. ఘంటసాల గారి గొంతులో ఊపిరి వినాలని మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక పాట చివరిదాకా విని ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. ఈ స్పీకర్లు ఇప్పుడు తీసుకోవద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్తాను. మీ ఉత్తరం చివర్లో ఘంటసాల గారి గురించి, పాట చివరిదాకా వినకపోవడం గురించి చదివాక ఇది డబ్బు లెక్క ఒక్కటే కాదనిపించింది. అయినా డబ్బుతోనే మొదలుపెడదాం.

11,80,000లో 4,90,000 వెనక్కి వచ్చింది. ఇంకో 2,20,000 సామాను రూపంలో ఇంట్లో ఉంది. మిగిలిన 4,70,000 ఎక్కడికి పోయింది? పాటకు పోలేదు, స్పీకరుకూ పోలేదు. ఒకటి తీసేసి ఇంకొకటి తెచ్చుకునే ఆ మధ్యలో పోయింది. ఆరేళ్లంటే 72 నెలలు. అంటే నెలకు 6,500 చొప్పున మార్పిడికి అద్దె కట్టారన్నమాట. ఆ డబ్బునే నెలనెలా 7 శాతం రికరింగ్ డిపాజిట్‌లో వేసి ఉంటే ఈపాటికి సుమారు 5,80,000 ఉండేది. మిమ్మల్ని నొప్పించాలని ఇది చెప్పడం లేదు. మీరు ఇన్నాళ్లూ ధర మాత్రమే చూశారు. చూడాల్సింది ధర కాదు, ఒక్కో మార్పిడికి ఎంత పోతోందన్నది.

మీరు పంపిన జాబితాలో అమ్మేసినవాటిని విడిగా తీసి కూడాను. 8,60,000కు కొన్నవి 4,90,000కు వెళ్లాయి. మీ చేతిలో రూపాయి వస్తువు 57 పైసలకు అమ్ముడవుతోంది. ఈ కొత్త స్పీకర్లకూ ఇదే లెక్క వేయండి. నెలకు సుమారు 16,500 చొప్పున 24 నెలలు కడితే వడ్డీ 55,600 దాటుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 10,000. రెండేళ్ల తర్వాత మీ అలవాటు ప్రకారం అమ్మితే 1,94,000 వస్తుంది. మొత్తం కలిపితే 2,11,000 పోయినట్టు, అంటే నెలకు 8,800. ఇప్పటిదాకా కట్టిన అద్దె కంటే ఇది ఎక్కువ. మిగులు 22,000 అని రాశారు. అందులో మూడొంతులు ఈ ఈఎంఐకే పోతుంది.

12 నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉందని షాపువాళ్లు మీకు చెప్పే ఉంటారు. నెలకు 28,000 దాటుతుంది కాబట్టి అది మీకు ఎలాగూ కుదరదు. అయినా ఒక మాట తెలుసుకోండి. సున్నా వడ్డీ అనేది అసలు లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు రాసింది. నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారని షాపులో అడిగి చూడండి. వాళ్లు తగ్గించే మొత్తమే ఆ వడ్డీ.

ఇక అసలు విషయం. మన పెద్దవాళ్లు చెప్పే సన్యాసి కథ మీకు తెలిసే ఉంటుంది. కౌపీనాన్ని ఎలుకలు కొరికేస్తున్నాయని పిల్లిని తెచ్చాడు. పిల్లికి పాలు కావాలని ఆవును కొన్నాడు. ఆవుకు గడ్డి కావాలని పొలం తీసుకున్నాడు. పొలం పనీ ఆవు పనీ చూడ్డానికి మనిషి కావాలని పెళ్లి చేసుకున్నాడు. కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః అన్నారు. మీ జాబితా తేదీల వారీగా చూస్తే నాకు ఈ కథే కనిపించింది. కొత్త స్పీకర్లు వచ్చాయి, వాటికి పాత ఆంప్ చాలదనిపించింది. ఆంప్ మారింది, దాని ముందు పాత డీఏసీ చిన్నబోయింది. డీఏసీ మారింది, కేబుళ్ల మీద అనుమానం వచ్చింది. అన్నీ మారాక మళ్లీ స్పీకర్ల దగ్గరికే వచ్చారు. ఈ సరదా ఉన్నవాళ్లు దీన్ని అప్‌గ్రేడైటిస్ అంటారు. కెమెరా లెన్సులు కొనేవాళ్లదీ, ఖరీదైన సైకిళ్లు కొనేవాళ్లదీ ఇదే బాధ. నా దగ్గరికి అలాంటివాళ్లు చాలామందే వస్తుంటారు. వాళ్లు దుబారా మనుషులు కారు, తమకిష్టమైనదాన్ని గాఢంగా ప్రేమించేవాళ్లు. అందుకే వాళ్లతో నేను ఎప్పుడూ కసురుకుని మాట్లాడను.

మీరు మార్చినవాటిలో ఏది చెవికి నిజంగా తేడా తెచ్చింది? మధ్యలో 50 వాట్ల ఆంప్ తీసేసి 100 వాట్లది తెచ్చారు. వాట్లు రెట్టింపయితే పెరిగే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు గట్టిగా వినిపించాలంటే సుమారు పది రెట్ల పవర్ కావాలి. 1982లో వచ్చిన సీడీయే 22 కిలోహెర్ట్జ్ దాకా ధ్వనిని పట్టుకుంటుంది. మనిషి చెవి పడుచు వయసులో వినగలిగేది 20 దాకా, తర్వాత ఏటా ఆ పై అంచు తగ్గుతూ వస్తుంది. ఇక మీకు ప్రాణమైన ఘంటసాల గారి సంగతి. ఆయన 1974లో వెళ్లిపోయారు. ఆయన సినిమా పాటల్లో చాలా భాగం మోనోలో, అంటే ఒకే చానల్‌లో, రికార్డయినవే. అప్పటి మైకు, అప్పటి టేపు ఎంత పట్టుకున్నాయో అంతే మనకు మిగిలింది. మూడు లక్షల స్పీకరు దాన్ని శుభ్రంగా వినిపించగలదు. రికార్డింగులో లేని ఊపిరిని మాత్రం తేలేదు. ఉన్న ఊపిరి మీ పాత స్పీకర్లలోనూ వినిపించి ఉంటుంది. లేకపోతే ఆ కోరిక మీకు పుట్టేదే కాదు.

తేడా తెచ్చేది గది. మీ హాలు 12 అడుగులకు 11 అడుగులని, కింద టైల్సు, ఒకవైపు బాల్కనీ గాజు తలుపు అని రాశారు. మన అపార్టుమెంట్లలో దాదాపు అన్నీ ఇలాగే ఉంటాయి. ఆ గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగిన తర్వాత కూడా ఖంగుమనే తోక వినిపిస్తే, ఆ తోక ప్రతి పాటలోనూ కలుస్తోందని అర్థం. కొత్త స్పీకర్లలో రెండు వారాల తర్వాత మీకు వినిపించే లోపంలో పెద్ద వాటా దీనిదేనని నా అనుమానం. 12 అడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర బేస్, అంటే లోతైన మంద్ర ధ్వని, గోడల మధ్య నిలబడిపోయి ఉబ్బుతుంది. సోఫాను గోడకు ఆనించి కూర్చుంటే అది ఇంకా ఎక్కువ. అలాంటి గదిలోకి పెద్ద ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్లు తెస్తే బేస్ ఇంకా పెరుగుతుంది. మరో ఆరు నెలల్లో దాన్ని సరిచేయడానికి ఇంకో వస్తువు వెతుకుతారు.

కాబట్టి ముందు ఖర్చు లేని పని చేయండి. స్పీకర్లను మూలల నుంచి, వెనక గోడ నుంచి రెండడుగులు ముందుకు జరపండి. రెండు స్పీకర్లు, మీరు కూర్చునే చోటు కలిసి సమత్రిభుజంలా ఉండాలి. పైన ఉండే ట్వీటర్, అంటే సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకరు, మీ చెవి ఎత్తుకు రావాలి. తర్వాత నేల మీద మందపాటి తివాచీ, గాజు తలుపుకు బరువైన పరదా, పక్క గోడకు పుస్తకాలు నిండిన అర. అన్నీ కలిపి 15,000 లోపలే అవుతుంది. దీనికి మీ ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు కూడా.

అటక మీది ఆంప్ అమ్మేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఇప్పుడు వాడుతున్నదాన్నీ దాన్నీ ఒకే స్పీకర్లకు మార్చి మార్చి కలపమని మీ అమ్మాయికి చెప్పండి. ఏది పలుకుతోందో మీకు కనిపించకూడదు. ఫోనులో సౌండ్ మీటర్ యాప్ పెట్టి రెండింటి శబ్దం సమానం చేయండి. ఇది ముఖ్యం. కాస్త గట్టిగా పలికిందే మేలైనదని చెవి మోసపోతుంది. ఆంప్ ఆఫ్ చేశాకే వైర్లు ముట్టుకోమని చెప్పండి. పదిసార్లు ఏది ఏదో చెప్పి కాగితం మీద రాయించండి. ఐదో ఆరో సరిపోతే అది బొమ్మా బొరుసూ వేసినట్టే. పదికి తొమ్మిది సరిగ్గా చెప్పగలిగితే తేడా నిజంగా ఉన్నట్టు, మీ చెవిని నేనూ నమ్ముతాను. ఇకముందు ఏది కొనాలన్నా షాపు డెమోలో ఇదే పద్ధతి అడగండి.

ఇప్పుడు డబ్బు సర్దుబాటు. మొదట కార్డు బాకీ. నెలకు మూడున్నర శాతం అనుకుంటే 86,000 మీద వడ్డీ 3,010, జీఎస్టీతో కలిపి 3,550 దాకా. మినిమమ్ కడుతూ ఉంటే అసలు దాదాపు కదలదు. అటక మీది రెండూ అమ్మితే మీ అంచనాలో 75,000 వస్తుంది. దానికి బ్యాంకులోంచి 11,000 కలిపి ఈ నెలలోనే బాకీ మూసేయండి. సెకండ్‌హ్యాండ్ ఆడియో కొనేవాళ్లు మన ఊళ్లో ఉన్నారని మీకు నాకంటే బాగా తెలుసు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా ఒక ధర తెలుస్తుంది. ఐదు వేలు తక్కువ వచ్చినా ఆగొద్దు. ఆగిన ప్రతి నెలా 3,550 పోతుంది.

బాకీ పోయాక ఆ 22,000ను జీతం పడిన రోజే మూడుగా విడగొట్టండి. 14,000 అత్యవసర నిధికి. 4,000 టర్మ్ జీవిత బీమా పాలసీకి. ఆఫీసు ఇచ్చే కవర్ ఉద్యోగంతోనే పోతుంది, ఇంటి లోను మాత్రం ఉంటుంది. మిగిలిన 4,000 పాటలకు. అవును, పాటలకు. పూర్తిగా మానేయమని నేను చెప్పను. అలా చెప్తే నాలుగు నెలలు బిగబట్టి ఐదో నెలలో 5,00,000కు ఆర్డరు పెట్టినవాళ్లను చూశాను. పాటలకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి, దానికి క్రెడిట్ కార్డు ఉండకూడదు. ఇకమీదట ఏ పరికరం అమ్మినా డబ్బు అందులోనే వేయండి. కొనేది అందులోంచే కొనండి. ఆ ఖాతాలో లేకపోతే కొనడం లేదు, అంతే. నచ్చిన వస్తువు పేరూ తేదీ ఒక పుస్తకంలో రాసి 90 రోజులు ఆగండి. మూడు నెలల తర్వాత కూడా అదే కావాలనిపిస్తే, డబ్బూ ఉంటే, నిశ్చింతగా తెచ్చుకోండి.

బ్యాంకులో మిగిలిన 59,000 కలుపుకుంటే అత్యవసర నిధి 3,00,000 దగ్గరికి చేరడానికి పదిహేడు నెలలు పడుతుంది. అప్పటికి మీ అమ్మాయి పదో తరగతిలో ఉంటుంది. ఆ వెంటనే ఇంటర్ ఫీజులు. ఈ ఊళ్లో అవి ఎలా ఉంటాయో మీకు చెప్పాల్సిన పని లేదు. 14,000 అప్పుడు అటు మళ్లించండి.

మీ శ్రీమతికి ధరలు తెలియవన్నారు. మొత్తం ప్రశ్నలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. బాకీ తీర్చే ప్రణాళిక కాగితం మీద రాసుకుని, దానితో పాటే ఈ 11,80,000 జాబితా కూడా ఆమె ముందు పెట్టండి. కోపం వస్తుంది. రావాలి కూడా, అది ఆమె డబ్బు కూడా కదా. కానీ మీ నోటి నుంచి వినడానికీ, కార్డు స్టేట్‌మెంటులో చూడ్డానికీ చాలా తేడా ఉంది. కొత్త ఖాతాలో ఆమె పేరు కూడా కలపండి.

వద్దనుకుంటూనే అర్ధరాత్రి కూర్చుని ధరలు వెతకడం, కొన్నది దాచడం, కొనకపోతే నిద్ర పట్టకపోవడం ఉంటే అది బడ్జెట్‌తో తీరదు. మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దీంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఒక్క ఆదివారం సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభకో, రవీంద్రభారతికో ఇంటిల్లిపాదీ వెళ్లండి. రెండింటికీ దగ్గర్లోనే మెట్రో స్టేషన్లు ఉన్నాయి. ముందు వరుసల్లో కూర్చోండి. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం అక్కడ కంటికీ కనిపిస్తుంది. ఇంటికి వచ్చాక ఉన్న స్పీకర్ల ముందు, చేతిలో రిమోట్ లేకుండా, ఒక పాట చివరిదాకా వినండి.

ఇక ఆ అడ్వాన్సు. రేపే షాపుకు ఫోను చేసి ఆర్డరు రద్దు చేయమనండి. 10,000 వెనక్కి ఇస్తే కార్డు బాకీలో కట్టేయండి. ఇవ్వబోమంటే వదిలేయండి. ఇంకేదైనా వస్తువులో సర్దుతామంటే మాత్రం ఒప్పుకోవద్దు.