హెడ్‌లైట్‌కు నలుపు కొట్టే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, ఈ మధ్యే డిగ్రీ అయిపోయింది, నాన్న పాత కారు నాకిచ్చారు. హెడ్‌లైట్ లోపల మెరిసే భాగమంతా నల్లగా చేస్తే లుక్కే మారిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. షెడ్డులో అడిగితే రేటు ఎక్కువ చెప్పారు. వీడియోల్లో అయితే ఓవెన్‌లో పెట్టి అద్దం ఊడదీసి స్ప్రే కొడుతున్నారు. మా ఇంట్లోనూ ఓవెన్ ఉంది. చేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ, కాకపోతే రంగు దేని మీద పడుతోందో ముందు చూసుకో. లోపల మెరిసేదంతా ఒకటే కాదు. బల్బు వెనక గుంటగా ఉండేది రిఫ్లెక్టర్, దాని మీద చాలా పలచటి అల్యూమినియం పూత ఉంటుంది, మామూలు హెడ్‌లైట్‌లో రోడ్డు మీద పడే వెలుగంతా దాని చలవే. దాని చుట్టూ అందానికి పెట్టిన ఫ్రేమ్‌ను బెజెల్ అంటారు. నలుపు వేయాల్సింది ఆ బెజెల్‌కు మాత్రమే. రిఫ్లెక్టర్‌కు ఎంత రంగు తగిలితే అంత వెలుగు పోయినట్టే. బట్టతో గట్టిగా తుడిచినా ఆ పూత లేచిపోతుంది, మళ్లీ వేయడం ఇంట్లో అయ్యే పని కాదు. చాలా చిన్న కార్లలో రిఫ్లెక్టర్, ఫ్రేమ్ ఒకే ముక్కగా వస్తాయి. నీది అలాంటిదైతే మాత్రం నా మాట విని ఈ ఆలోచన మానుకో. బెజెల్ విడిగా స్క్రూలకు బిగించి ఉంటే ధైర్యంగా దిగు.

వంటింటి ఓవెన్ జోలికి మాత్రం పోవద్దు. రెండు పూటలా తినేది వండుకునే చోట ప్లాస్టిక్ వేడి చేయడం మంచిది కాదు, పైగా వేడి కాస్త ఎక్కువైతే హౌసింగ్, అంటే లైటు వెనక ఉండే ప్లాస్టిక్ డబ్బా, వంకర పోతుంది, ఇక అది కారులో సరిగ్గా కూర్చోదు. అద్దానికీ హౌసింగ్‌కూ మధ్య సాధారణంగా బ్యూటైల్ అనే నల్లటి సీలెంట్ ఉంటుంది, వేడి తగిలితే మెత్తబడి సాగుతుంది. హీట్ గన్‌ను ఒకేచోట నిలపకుండా అంచు వెంట తిప్పుతూ, మెత్తబడిన చోటల్లా స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టి కొంచెం కొంచెంగా ఎత్తుకుంటూ పో. అంతకు ముందే బ్యాటరీ నెగెటివ్ విప్పి, బల్బులు తీసి, అంచున ఉన్న స్క్రూలు, క్లిప్పులు అన్నీ ఊడదీసి ఉండాలి, ఒక్కటి మరిచిపోయి లాగినా ప్లాస్టిక్ చెవి విరుగుతుంది. కొన్ని కంపెనీలు వేడికి కదలని గట్టి జిగురు వాడతాయి. ఎంత వేడి చేసినా కదలకపోతే అక్కడితో ఆపెయ్, బలవంతం చేస్తే అద్దమే పగులుతుంది.

బెజెల్ బయటికొచ్చాక సబ్బు నీళ్లతో కడిగి, 600 లేదా 800 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) క్రోమ్ మెరుపు చచ్చేదాకా రుద్దు. ఈ ఓపిక లేకుండా కొట్టిన రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. ఆరాక ప్లాస్టిక్ ప్రైమర్, దాని మీద నలుపు, పలచగా మూడు నాలుగు కోట్లు, ఒక్కో కోటుకూ మధ్య పది పదిహేను నిమిషాల గ్యాప్. మన అనంతపురం ఎండల్లో మధ్యాహ్నం స్ప్రే కొడితే రంగు బెజెల్‌ను చేరేలోపే గాల్లో సగం ఆరిపోయి గరుకుగా పడుతుంది, గాలి లేస్తే దుమ్ము కూడా అతుక్కుంటుంది. పొద్దున్నే ఎండ ముదరక ముందు, గాలి ఆడే వరండాలో, మాస్కు వేసుకుని చేసుకో.

అందరూ తొందరపడేది ఆ తర్వాతే. చేత్తో ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ లోపల ఇంకా థిన్నర్ ఉంటుంది. అప్పుడే అద్దం మూసేస్తే, బల్బు వేడికి ఆ ఆవిరి బయటికొచ్చి అద్దం లోపలి వైపు తెల్లటి మసకగా పేరుకుంటుంది. పైనుంచి ఎంత తుడిచినా పోదు, మళ్లీ విప్పాల్సిందే. కనీసం వారం ఆరనివ్వు. మూసేటప్పుడు పాత సీలెంట్ గీకేసి కొత్త బ్యూటైల్ వెయ్. బాత్రూమ్ సింకులకు వాడే సిలికాన్ వద్దు, అందులో వెనిగర్ వాసన వచ్చే రకం ఆవిరి రిఫ్లెక్టర్ పూతను తినేస్తుంది. వెనక గాలి ఆడే రంధ్రాలకు ఏమీ పూయకు, అవి మూసుకుపోతే వానాకాలం లోపల చెమ్మ పడుతుంది.

ఇంకో మాట, లైట్లు విప్పకముందే చేయాల్సింది. చీకటి పడ్డాక కారును గోడకు పది మీటర్ల దూరంలో చదునైన చోట నిలిపి, లో బీమ్ వేసి, వెలుగు ఆగిపోయే గీతను గోడ మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకో, కారు నిలిపిన చోటు కూడా. బిగించాక కారును మళ్లీ అక్కడే నిలిపి ఆ గీతకే సరిపెట్టు. మన దేశపు లైట్లలో ఆ గీత ఎడమ వైపు కాస్త పైకి లేస్తుంది, రోడ్డు పక్కన నడిచేవాళ్లు కనబడటానికి. కుడి వైపు కిందికే ఉంటుంది, ఎదురొచ్చేవాడి కళ్లలో పడకుండా. తాడిపత్రి రోడ్డు మీద రాత్రి పూట లైట్లు పైకి ఎగిరిన కారు ఎదురైతే ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, ఆ కారు నీది కాకూడదు.

ప్రశ్న: మా కారు హెడ్‌లైట్లు పచ్చబడి మసకబారాయి. టూత్‌పేస్ట్‌తో రుద్దితే తెల్లగా అయ్యాయి కానీ మళ్లీ మొదటికొచ్చాయి. మార్చాల్సిందేనా?
- ఒక టీచర్, కర్నూలు

జవాబు: అక్కర్లేదమ్మా. అది అద్దం కాదు, పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలకుండా కంపెనీ దాని మీద ఒక పూత వేస్తుంది, స్కూలు ముందు రోజంతా ఎండలో నిలిపిన కారుకు కొన్నేళ్లలో ఆ పూత అరిగిపోతుంది. టూత్‌పేస్ట్ పైపై మసకను గీకుతుందే గానీ పోయిన పూతను తిరిగి తేలేదు. సరైన పద్ధతి ఏంటంటే, చుట్టూ బాడీ రంగుకు టేపు వేసి, నీళ్లు చల్లుకుంటూ 1000, 1500, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్లతో వరసగా రుద్ది, పాలిష్ చేసి, చివర యూవీ క్లియర్ కోట్, అంటే ఆ అతినీలలోహిత కిరణాలను ఆపే పారదర్శక పూత, వేయాలి. ఈ ఆఖరి పని మానేస్తే ముందు పడ్డ కష్టమంతా వృథా. హార్డెనర్ కలిపే రెండు భాగాల క్లియర్ బాగా నిలుస్తుంది కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని, కాబట్టి దాన్ని పెయింటర్ చేతనే వేయించండి. పసుపుదనం లోపలి వైపు ఉంటే మాత్రం ఇదేదీ పనిచేయదు, కొత్తది కొనాల్సిందే.

ప్రశ్న: హెడ్‌లైట్ల మీద నల్ల ఫిలిం వేయించాను, లోపల ఎర్ర లైటు కూడా పెట్టిద్దామనుకుంటున్నా. పోలీసులు పట్టుకుంటారా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: పట్టుకుంటే తప్పు వాళ్లది కాదు. ముందువైపు ఎర్ర వెలుగు చూపించడం సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989 ప్రకారం కుదరదు. అనుమతి లేని మార్పులు చేసిన ఓనరుకు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. చట్టం సంగతి అటుంచండి, ఆ ఫిలిం వల్ల మీకే రోడ్డు కనబడదు. రాత్రి రాయచోటి ఘాట్‌లో మలుపు తిరుగుతుంటే గేదె అడ్డమొచ్చిందనుకోండి, అది కనబడేది దగ్గరికొచ్చాకే. ముందు ఆ ఫిలిం తీసేయండి. హెయిర్ డ్రైయర్‌తో వెచ్చబెట్టి ఒక మూల నుంచి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. మిగిలిన గమ్‌ను గోరువెచ్చటి సబ్బు నీళ్లతో నానబెట్టి తుడవండి. పెట్రోలు, థిన్నర్ వాడొద్దు, వాటికి ప్లాస్టిక్ సన్నటి పగుళ్లు తీస్తుంది.